నల్లనివన్నీ ఒకే ఇంకు కాదు

రబ్బరు స్టాంపుతో బొమ్మ గీతను అచ్చువేసి, ఆ గీతల మధ్య రంగులు నింపే పనిలో నల్ల ఇంకు మీద రెండు బాధ్యతలు ఉంటాయి. అచ్చు పడగానే గీత తెగకుండా, ముద్ద కట్టకుండా కనిపించాలి. ఆ తర్వాత రంగు తన మీదుగా నడిచినప్పుడు కదలకూడదు. మొదటి బాధ్యతను బజారులో దొరికే దాదాపు ప్రతి నల్ల ప్యాడూ నెరవేరుస్తుంది. రెండోదాని దగ్గరే ఇంకులు వేరుపడతాయి. ఒక రంగు కింద రాయిలా నిలబడిన నలుపు, ఇంకో రంగు తగలగానే పొగలా పరుచుకుంటుంది.

గ్రీటింగ్ కార్డులు చేసేవాళ్లలో, డైరీ పేజీలు అలంకరించుకునేవాళ్లలో, పిల్లలకు క్రాఫ్ట్ నేర్పేవాళ్లలో పాతుకుపోయిన నమ్మకం మాత్రం మరోలా ఉంది. మంచి వాటర్‌ప్రూఫ్ నలుపు ఒక్కటి కొనిపెట్టుకుంటే చాలు, దాని మీద ఏ రంగైనా వేసుకోవచ్చు అన్నది దుకాణాల్లో వినిపించే సలహా. కొత్తగా ఈ పని మొదలుపెట్టినవాళ్లకు అనుభవం ఉన్నవాళ్లు చెప్పే మాటా అదే. ఈ సలహా తప్పు. అది నీటికి సంబంధించిన ఒక గుణాన్ని తీసుకుని అన్ని ద్రవాలకూ అంటగడుతుంది. అంతకంటే పెద్ద పొరపాటు, ఎంపిక వరసనే తలకిందులు చేస్తుంది. ముందు నలుపు కొని తర్వాత రంగు గురించి ఆలోచించమంటుంది. జరగాల్సింది దానికి ఎదురు. బొమ్మను ఏ రంగుతో నింపబోతున్నారో ముందు తేల్చుకోవాలి. ఆ రంగును కాగితం మీదికి మోసుకొచ్చే ద్రవం ఏమిటో చూడాలి. ఆ ద్రవానికి లొంగని నలుపును అప్పుడు ఎంచుకోవాలి.

నీటికి చెక్కుచెదరనిది వేరే ద్రవంలో ఇట్టే కరిగిపోవడం తెలుగు ఇళ్లలో అందరూ చూసిందే. వడ్రంగి తలుపుకు పాలిష్ పెట్టే ముందు లక్క పెచ్చులను స్పిరిట్‌లో నానబెడతాడు. తెల్లారేసరికి అవి కరిగి తేనెరంగు ద్రవం అవుతాయి. అదే లక్కను ఎన్నాళ్లు నీళ్లలో ఉంచినా అది పెచ్చులుగానే ఉంటుంది. ఏటికొప్పాక బొమ్మ మీద మెరిసే పూత కూడా లక్కే. తడిగుడ్డతో తుడిస్తే ఆ బొమ్మకు ఏమీ కాదు, స్పిరిట్ గుడ్డతో తుడిస్తే పూత గుడ్డకు అంటుకొస్తుంది. ఈ లక్కకు నల్ల ఇంకుతో నేరుగా సంబంధం ఉంది. చిత్రకారులు తరతరాలుగా వాటర్‌ప్రూఫ్ అని నమ్మి వాడిన ఇండియన్ ఇంకులో మసి కణాలను కాగితానికి పట్టి ఉంచే జిగురు చాలాకాలం లక్కే. అంటే వాటర్‌ప్రూఫ్ అన్న పేరుకు తొలి హక్కుదారైన నలుపే స్పిరిట్ ముందు నిలవలేదు.

బడిపిల్లల చొక్కా జేబు ఇంకో సాక్ష్యం. బాల్‌పెన్ మరక ఎన్ని నీళ్లు పోసి రుద్దినా పోదు, కాస్త శానిటైజర్ రాస్తే నీలంగా కరిగి పక్కకు పాకుతుంది. ఫౌంటెన్‌పెన్ మరకలు చాలావరకు నీటికే పలచబడతాయి. రెండూ ఇంకులే. ఒకటి గట్టిది, ఇంకోటి బలహీనమైనది అని వాటిని తూచలేం. దేని ముందు గట్టిది అని అడిగితేనే ఆ ప్రశ్నకు జవాబు ఉంటుంది.

స్టాంపు ఇంకులో ముఖ్యంగా మూడు భాగాలు ఉంటాయి: రంగునిచ్చే పదార్థం, దాన్ని ప్యాడ్ నుంచి రబ్బరుకూ రబ్బరు నుంచి కాగితానికీ చేర్చే ద్రవం, కాగితం మీద దాన్ని పట్టి ఉంచే బంధకం. రంగునిచ్చేది రెండు రకాలు. డై అనేది ద్రవంలో పూర్తిగా కరిగిపోయే రంగు. అది కాగితపు నారలోకి ఇంకి, నారను తడిపేస్తుంది. పిగ్మెంట్ కరగదు, సన్నని పొడిగా ద్రవంలో తేలుతూ ఉండి, ఆరాక కాగితం పైభాగాన నిలుస్తుంది. నల్ల పిగ్మెంట్ సాధారణంగా కార్బన్ బ్లాక్, అంటే మసి. మసి నీటిలోనూ కరగదు, స్పిరిట్‌లోనూ కరగదు. దీన్ని చూసి పిగ్మెంట్ ఇంకైతే ఏ భయమూ లేదనుకునేవాళ్లు కొందరున్నారు. వాళ్లు బంధకాన్ని లెక్కలోకి తీసుకోలేదు. మసి కరగకపోయినా దాన్ని పట్టి ఉంచిన జిగురు కరిగితే, మసి తన చోటు వదిలి కొత్త రంగుతో కలిసి కొట్టుకుపోతుంది. ఇటుక నీటిలో కరగదు. అయినా మట్టితో కట్టిన గోడ వరదకు కూలుతుంది.

ఇప్పుడు రంగుల వైపు చూడాలి. స్టాంపు బొమ్మల్ని నింపడానికి వాడే రంగులను, అవి ప్రయాణించే ద్రవాన్ని బట్టి మూడు కుటుంబాలుగా విడదీయవచ్చు. వాటర్ కలర్, నీటి బ్రష్ పెన్నులు, డిస్ట్రెస్ ఇంకుల వంటివి నీటితో నడుస్తాయి. కోపిక్, ఓహూహూ, బ్రస్ట్రో వంటి ఆల్కహాల్ మార్కర్లు స్పిరిట్‌తో నడుస్తాయి. రంగు పెన్సిళ్లు పొడిగా నడుస్తాయి, కొందరు వాటిని వాసన లేని మినరల్ స్పిరిట్ అనే వేరే ద్రవంతో కరిగించి నునుపు చేస్తారు. వాటర్‌ప్రూఫ్ సలహా తడి రంగుల్లో మొదటి కుటుంబం ఒక్కదానికే సరిపోతుంది. వాటర్ కలర్ తప్ప ఇంకో తడి రంగు ఇళ్లలో లేని రోజుల్లో ఆ సలహా పుట్టి ఉంటే అందులో తప్పు పట్టాల్సింది లేదు. జపాన్‌లో 1987లో కోపిక్ మార్కర్లు వచ్చాయి. చిత్రకారులూ డిజైనర్లూ మొదట వాడిన ఈ మార్కర్లు తర్వాత స్టాంపు బొమ్మలు చేసేవాళ్ల బల్లల మీదికి చేరాయి. పరిస్థితి అప్పుడే మారింది. సలహా మాత్రం మారలేదు.

దాని ఫలితం ఒక్క పూరేకు మీద చూడవచ్చు. నునుపైన తెల్ల కార్డు మీద చామంతి బొమ్మను రేంజర్ ఆర్కైవల్ జెట్ బ్లాక్ ఇంకుతో అచ్చువేస్తే గీత నల్లగా, పదునుగా పడుతుంది. అరగంట ఆరనిచ్చి వేలితో రుద్దినా ఏమీ అంటదు. పసుపు ఆల్కహాల్ మార్కర్ మొనను రేకు మధ్య నుంచి అంచుదాకా లాగితే మొదటి క్షణం అంతా బాగానే ఉంటుంది. రెండో లాగుకు గీత లోపలి అంచు మెత్తబడుతుంది. నీడ కోసం అదే చోట మూడోసారి రంగు వేసేసరికి నలుపు గీత దాటి పసుపులోకి దిగుతుంది. పసుపు కాస్తా బురద ఆకుపచ్చకు తిరుగుతుంది. నష్టం అంతటితో ఆగదు. మార్కర్ మొన తెల్ల నారతో చేసిన స్పాంజి వంటిది, కరిగిన నలుపును అది పీల్చేసుకుంటుంది. తర్వాతి పువ్వు మీద మొదటి గీత పసుపుగా కాక బూడిదగా పడుతుంది. పనికిరాని కాగితం మీద పదేపదే గీసి మొనను శుభ్రం చేయవచ్చు, లేదా మొన మార్చే వీలున్న మార్కరైతే మార్చుకోవచ్చు. పిల్లలు వాడే చవక సెట్లలో ఆ వీలు చాలావాటికి ఉండదు, పసుపు పెన్ను అక్కడితో పాడైనట్టే.

ఇది ఆర్కైవల్ ఇంకు లోపం కాదు. అది నూనె ఆధారంగా తయారయ్యే ఇంకు, నీటికి నిలవడం దాని పని, ఆ పని అది చక్కగా చేస్తుంది. జపాన్ సంస్థ త్సుకినెకో తయారుచేసే వెర్సాఫైన్ ఆనిక్స్ బ్లాక్ కూడా ఈ కోవలోదే. నూనె ఆధారిత పిగ్మెంట్ ఇంకు కావడం వల్ల వెంట్రుకవాసి గీతలను కూడా అది వదలదు. పిట్ట ఈకల్నీ, ఆకు ఈనెల్నీ అచ్చువేసి వాటి మీద వాటర్ కలర్ వేయడానికి అంత నమ్మకమైన నలుపు అరుదు. అదే సంస్థ స్టేజ్‌ఆన్ జెట్ బ్లాక్ త్వరగా ఆవిరయ్యే సాల్వెంట్‌లో కరిగిన ఇంకు. గాజు, లోహం, ప్లాస్టిక్ వంటి ఇంకని ఉపరితలాల మీద ఆరి నిలవడానికే దాన్ని తయారుచేశారు. కాగితం మీద కూడా నీటికి అది కదలదు. ఈ మూడింటిలో ఏదైనా వాటర్ కలర్ కింద వాడవచ్చు. ఆల్కహాల్ మార్కర్ కింద ఏదీ వాడకూడదు. స్టేజ్‌ఆన్ విషయంలో కారణం స్పష్టమే: సాల్వెంట్‌లో కరిగి వచ్చిన రంగు, దానికి దగ్గరి ద్రవం తగిలితే మళ్లీ కరుగుతుంది.

ఆల్కహాల్ మార్కర్ల కింద నిలబడే నలుపుల్లో ఎక్కువమందికి పరిచయమైనది త్సుకినెకో వారిదే అయిన మెమెంటో టక్సీడో బ్లాక్. ఇది నీటి ఆధారిత డై ఇంకు. వాటర్‌ప్రూఫ్ కాదు. నమ్మకానికి సరిగ్గా ఎదురుగా నిలిచే సంగతి ఇదే. నీటికి లొంగే ఇంకు స్పిరిట్‌కు ఎందుకు లొంగదు? వంటింట్లోని ఉప్పు జవాబు చెబుతుంది. ఉప్పు నీటిలో వెంటనే కరుగుతుంది, స్పిరిట్‌లో వేసి ఎంత కలిపినా అడుగునే ఉండిపోతుంది. నీటిలో బాగా కరిగే డైలు చాలావరకు రసాయనికంగా లవణాలే, వాటిలో చాలావాటిని స్పిరిట్ అంతగా కదిలించలేదు. అందుకే మెమెంటో గీత మీద మార్కర్ ఎన్నిసార్లు నడిచినా పసుపు పసుపుగానే ఉంటుంది. అదే గీత మీద తడి కుంచె పెడితే కథ మారిపోతుంది. గీత అంచుల నుంచి ఊదాబూడిద రంగు నీరు కారి, పూరేకు నిమిషంలో మబ్బు పట్టినట్టు అవుతుంది. పై చామంతికి జరిగినదే ఈసారి రెండో వైపు నుంచి జరుగుతుంది. రెండు ఇంకులనూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లకు మంచి నలుపు ఏది అన్న ప్రశ్న ఇక తోచదు.

డబ్బాల మీది మాటలు ఈ గందరగోళాన్ని పెంచాయి. వాటర్‌ప్రూఫ్ అనేది నీటి గురించిన హామీ, అంతే. పర్మనెంట్ అంటే మామూలు వాడుకలో తుడిస్తే పోదని. ఆర్కైవల్, యాసిడ్ ఫ్రీ అన్నవి కాలం గురించిన మాటలు: ఇంకులోని ఆమ్లం కాగితాన్ని పసుపు తిప్పి పెళుసు చేయదని, ఆల్బంలో పెట్టిన పేజీ చాలాకాలం ఉంటుందని. ఫేడ్ రెసిస్టెంట్ అంటే వెలుతురుకు త్వరగా వెలవదని. వీటిలో ఒక్క మాట కూడా స్పిరిట్‌ను తాకదు. కొనేవాళ్లు మాత్రం నాలుగు మంచి మాటలు ఒకేచోట చూసి, ఇన్ని తట్టుకునేది అదొక్కటి తట్టుకోదా అనుకుంటారు. అలా అనుకోవడం సహజమే. అలా అనుకోవద్దని చెప్పాల్సినవాళ్లు చెప్పకపోవడం బాధ్యతారాహిత్యం. నేర్పేవాళ్లు మొదటి రోజే చెప్పాల్సిన ఒక్క వాక్యం అది.

నమ్మకాన్ని నిలబెట్టడానికి చెప్పే వాదాలు కొన్ని ఉన్నాయి. మొదటిది, ఇంకు పాకిందంటే సరిగా ఆరలేదని, హీట్ గన్‌తో వేడిచేస్తే ఏ ఇంకైనా స్థిరపడుతుందని. ఇందులో సగం నిజముంది. పిగ్మెంట్, నూనె ఇంకులు ఆరడానికి సమయం పడుతుంది. వేడి ఆ సమయాన్ని తగ్గిస్తుంది, బంధకం గట్టిపడటానికి సాయపడుతుంది. వెర్సాఫైన్ మీద తొందరపడి కుంచె పెట్టినవాళ్లకు ఈ సలహా నిజంగా పనికొస్తుంది. కానీ ఆరడం వేరు, కరగకపోవడం వేరు. ఎండబెట్టిన ఉప్పు నీటిలో కరగడం మానదు. మెమెంటో గీతను ఎంత వేడిచేసినా అది నీటికి కరిగే డైగానే ఉంటుంది. స్టేజ్‌ఆన్ గీతను రాత్రంతా ఆరబెట్టినా మార్కర్‌కు లొంగుతుంది. పాకిన ప్రతిసారీ ఇంకా ఆరబెట్టాల్సింది అని చెప్పడం తప్పుడు మందును మోతాదు పెంచి వేసుకోమన్నట్టే అవుతుంది.

రెండో వాదం చేతివాటం గురించి. గీత దగ్గరికి రాకుండా జాగ్రత్తగా రంగు వేస్తే ఏ ఇంకైనా పాకదంటారు. అనుభవం ఉన్నవాళ్ల నోట ఈ మాట ఎక్కువ వినిపిస్తుంది, కొత్తవాళ్లను ఎక్కువ బాధపెట్టేదీ ఇదే. స్టాంపు బొమ్మలో నీడ పడేది గీత పక్కనే. ముదురు రంగు గీతకు ఆనుకుని మొదలై, లేత రంగులోకి కలిసిపోవాలి. ఆల్కహాల్ మార్కర్‌తో ఆ కలయిక రావాలంటే ఒకే చోటును రెండు మూడుసార్లు తడపక తప్పదు. గీతను తాకవద్దనడం నీడే వేయవద్దనడంతో సమానం. ఇంకు ఎంపికలో జరిగిన తప్పుకు పదేళ్ల పిల్ల తన చేతిని నిందించుకుంటూ కార్డు చింపేయడం ఈ సలహా ఫలితమే.

మూడోది మరింత గట్టి అభ్యంతరం. మెమెంటో వంటి డై ఇంకుల నలుపు అంత చిక్కగా ఉండదని, ఆర్కైవల్ పక్కన పెడితే బొగ్గుబూడిదలా కనిపిస్తుందని. ఇది నిజం, దాన్ని దాచాల్సిన పనిలేదు. డై నారలోకి ఇంకిపోతుంది కాబట్టి పైన నిలిచే పిగ్మెంటంత గాఢంగా కనిపించదు. అయితే దీనికి విరుగుడు ఇంకు మార్చడం కాదు, అచ్చువేసే పద్ధతి మార్చడం. మిస్టి వంటి స్టాంపింగ్ పలకల్లో స్టాంపు మూతకు అంటుకుని ఉంటుంది, కాగితం అయస్కాంతాలతో కదలకుండా ఉంటుంది, మూత ఎన్నిసార్లు మూసినా అచ్చు వెంట్రుకవాసి తేడా లేకుండా అదే చోట పడుతుంది. రెండోసారి ఇంకు రాసి మూత మూస్తే నలుపు చిక్కబడుతుంది. అంతకంటే మంచి ఉపాయం కూడా ఉంది. లేత డై ఇంకుతో మొదట అచ్చువేసి, మార్కర్లతో రంగంతా నింపి, స్పిరిట్ పూర్తిగా ఆరాక, కదపని స్టాంపుతో అదే గీత మీద చిక్కటి పిగ్మెంట్ నలుపును వేయవచ్చు. రంగు పని ముగిసింది కాబట్టి ఆ నలుపు ఇక దేనినీ ఎదుర్కోనక్కరలేదు. ఏ ఇంకు మీద ఏది నడవబోతోందన్న ఒక్క ప్రశ్న వేసుకుంటే ఇటువంటి దారులు వాటంతట అవే తెరుచుకుంటాయి.

ఇటీవల హైబ్రిడ్ పేరుతో వస్తున్న నలుపుల సంగతి కూడా చూడాలి. డై, పిగ్మెంట్ గుణాలను కలిపి తయారుచేసిన ఇవి ఆల్కహాల్ మార్కర్లకు నిలుస్తాయని, కొన్ని నీటికి కూడా నిలుస్తాయని తయారీదారులు చెబుతారు. ఒకే నలుపు చాలన్నవాళ్లకు ఇవి కొత్త ఊపిరి పోశాయి. ఈ ఇంకుల్లో మంచివి ఉన్నాయి, వాడుకోదగ్గవే. కానీ హైబ్రిడ్ అన్న మాటకు అందరూ ఒప్పుకున్న ఒక ప్రమాణం లేదు. ఒక హైబ్రిడ్ మార్కర్‌కు నిలిచి నీటికి మసకబారుతుంది. ఇంకోటి కాగితం మారితే నడత మార్చుకుంటుంది. పాత వాటర్‌ప్రూఫ్ అన్న మాటను ఎంత గుడ్డిగా నమ్మారో కొత్త మాటనూ అంతే గుడ్డిగా నమ్మితే, తప్పు పేరు మాత్రమే మారుతుంది. హైబ్రిడ్ అయినా సరే, వాడబోయే రంగు కింద, వాడబోయే కాగితం మీద పరీక్షించాకే నమ్మాలి.

నలుపును దాని మీదికి రాబోయే పనిని బట్టి ఎంచుకోవాలన్నది కొత్త సిద్ధాంతం కాదు. కృష్ణా జిల్లా పెడనలో, మచిలీపట్నం చుట్టుపక్కల చేతి అచ్చుల కలంకారీ చేసేవాళ్లు ఈ సూత్రం మీదే నడిచారు. అక్కడ కూడా పని వరస ఇదే: చెక్క అచ్చుతో నల్ల గీత, తర్వాత గీతల మధ్య రంగులు. గుడ్డను ముందు కరక్కాయ నీటిలో, గేదెపాలలో నానబెట్టి ఆరవేస్తారు. తుప్పు పట్టిన ఇనుమునూ బెల్లాన్నీ నీటిలో రోజుల తరబడి పులియబెట్టి నల్లరంగు ద్రవం తయారుచేస్తారు. అచ్చు గుడ్డను తాకగానే ఇనుము కరక్కాయలోని ఒగరుతో కలిసి నల్లబడుతుంది. పాలలోని కొవ్వు వల్ల గీత పక్కలకు పాకదు. ఆ తర్వాత ఆ గుడ్డ ఎదుర్కోవాల్సింది మామూలు తడి కాదు. పటికతో అచ్చువేసిన చోట్ల ఎరుపు పట్టడానికి దాన్ని రంగు నీళ్లలో ఉడికిస్తారు, పారే నీటిలో ఉతుకుతారు. మామూలు మసి ఇంకు ఆ దారిలో ఎక్కడో కొట్టుకుపోతుంది. ఇనుము, కరక్కాయల నలుపు గుడ్డలోనే పుట్టిన, నీటిలో కరగని కొత్త పదార్థం కాబట్టి నిలుస్తుంది. ఆ పనివాళ్లు ఆ నలుపును ఎంచుకోవడానికి కారణం మున్ముందు కాగు ఉందని తెలియడమే. కార్డు మీద చామంతి అచ్చువేసేవాళ్లకు కాగు బదులు కుంచె ఉంటుంది, లేదా మార్కర్ ఉంటుంది. ఆలోచించాల్సిన తీరు మాత్రం అదే.

రంగు పెన్సిళ్ల విషయం సులువు. పొడిగా వేసే పెన్సిల్ కింద బాగా ఆరిన ఏ నలుపైనా పనిచేస్తుంది. మెత్తటి మైనపు పెన్సిళ్లతో గట్టిగా రుద్దితే ఆరని పిగ్మెంట్ ఇంకు కాస్త అలుక్కుంటుంది, అంతకు మించి ప్రమాదం లేదు. పెన్సిల్ రంగును మినరల్ స్పిరిట్‌తో కరిగించి కలిపే అలవాటు ఉన్నవాళ్లు మాత్రం నూనె ఆధారిత ఇంకులతో జాగ్రత్త పడాలి. పూర్తిగా గట్టిపడని నూనె పొర ఆ ద్రవానికి దగ్గరి చుట్టం. నీటి ఆధారిత డై నలుపు ఇక్కడ నిశ్చింతగా ఉంటుంది.

ఎంబాసింగ్ ఈ చిక్కును మరో దారిలో దాటుతుంది. నెమ్మదిగా ఆరే పిగ్మెంట్ ఇంకుతో అచ్చువేసి, తడి ఆరకముందే పారదర్శకమైన ఎంబాసింగ్ పొడి చల్లి, మిగతాది దులిపి, హీట్ గన్‌తో వేడిచేస్తే పొడి కరిగి గీత మీద మెరిసే గట్టు అవుతుంది. వాటర్ కలర్‌కు ఇది రెండు విధాల మేలు: నలుపు ప్లాస్టిక్ పొర కింద భద్రంగా ఉంటుంది, గట్టు నీటిని పక్క గదిలోకి పోనివ్వదు. ఒక్కో పూరేకు ఒక్కో చిన్న మడి అవుతుంది. ఆల్కహాల్ మార్కర్ మొనను ఆ గట్టు మీద పదేపదే రుద్దడం మంచిది కాదు. గట్టు మీద రంగు మరకలు నిలుస్తాయి, మొన అరుగుతుంది.

కాగితాన్ని మరిచి ఇంకును ఎంచుకోవడం కుదరదు. 300 జీఎస్ఎం వాటర్ కలర్ కాగితం గరుకుగా ఉంటే ఏ ఇంకుకైనా గీత ముక్కలవుతుంది. కుంచెపనికి అనువైన కాగితాల్లో నునుపు రకం, అంటే హాట్ ప్రెస్, స్టాంపుకు కుదురుతుంది. మార్కర్లకు పూత లేని, దట్టమైన, నున్నటి కార్డు కావాలి. వదులుగా ఉన్న కాగితంలో మార్కర్ రంగు తానే గీత దాటి పాకుతుంది. అది నలుపు తప్పు కాకపోయినా నిందను నలుపే మోస్తుంది. మెరుపు పూత ఉన్న కాగితం మీద నూనె, పిగ్మెంట్ ఇంకులు చాలాసేపు తడిగానే ఉంటాయి. కోస్తా జిల్లాల్లో వానాకాలపు తేమలో ఆ సమయం ఇంకా పెరుగుతుంది. ప్యాకెట్ మీద రాసిన నిమిషాలను అక్కడ యథాతథంగా నమ్మకూడదు.

స్టాంపు దేనితో చేసిందన్నదీ చూడాలి. ఎర్ర రబ్బరు స్టాంపులు దాదాపు అన్ని ఇంకులనూ భరిస్తాయి. పారదర్శకమైన పాలిమర్ స్టాంపులను సాల్వెంట్ ఇంకులు కాలక్రమంలో దెబ్బతీయవచ్చు. స్టేజ్‌ఆన్ వాడితే వెంటనే దానికి తగిన క్లీనర్‌తో తుడవాలి. కొత్త పాలిమర్ స్టాంపు మీద నీటి ఇంకు చుక్కలుగా విడిపోయి గీత మచ్చలు మచ్చలుగా పడితే ఇంకును అనుమానించకూడదు, స్టాంపు ముఖాన్ని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దితే ఇంకు సమంగా పట్టుకుంటుంది.

ఆఫీసు బల్లల మీది స్టాంపు ప్యాడ్లను ఈ పనికి వాడుకోవచ్చా అన్న ప్రశ్న కూడా తరచు వస్తుంది. వద్దు. ఆ ఇంకులు ప్యాడ్ మూత తీసి ఉంచినా ఎండిపోకూడదన్న లక్ష్యంతో తయారవుతాయి కాబట్టి వాటిలో గ్లిసరిన్ వంటి ఆరని ద్రవాలు ఉంటాయి. వాటి డైలు కూడా రంగు వేసే పనిని దృష్టిలో పెట్టుకుని ఎంచినవి కావు. రసీదుల మీద ముద్రకు చాలిన ఆ నలుపు కుంచె తడికి కారిపోతుంది, చాలాసార్లు మార్కర్‌కు కూడా.

చాలా ఇంకులను తేల్చుకోవడానికి పది నిమిషాల పరీక్ష చాలు. అసలు పనికి వాడబోయే కాగితం నుంచే ఒక పట్టీ కత్తిరించాలి, వేరే కాగితం మీద చేసిన పరీక్షకు విలువ లేదు. సన్న గీతలూ, నిండు నలుపు భాగాలూ రెండూ ఉన్న చిన్న స్టాంపును దాని మీద మూడుసార్లు వేయాలి. ఐదు నిమిషాలు ఆరనివ్వాలి. మొదటి అచ్చు మీద తడి కుంచెను, రెండోదాని మీద రంగు లేని బ్లెండర్ మార్కర్‌ను, మూడోదాని మీద మినరల్ స్పిరిట్‌లో ముంచిన కాగితపు పుల్లను గీత లోపలి నుంచి బయటికి మూడేసిసార్లు లాగాలి. బ్లెండర్ లేకపోతే లేత పసుపు మార్కర్ వాడాలి. ముదురు ఎరుపో నీలమో అయితే పాకిన నలుపును తమలో కలుపుకుని నిజం దాస్తాయి. తర్వాత మార్కర్ మొనను తెల్ల కాగితం మీద గీసి చూడాలి. గీత పైకి కదలనట్టు కనిపించినా మొనలో బూడిద రంగు దిగిందేమో అక్కడ తెలుస్తుంది. నూనె, పిగ్మెంట్ ఇంకులైతే మరో పట్టీని ఒక రాత్రి ఆరబెట్టి మర్నాడు ఇదే పరీక్ష మళ్లీ చేయాలి. రెండు ఫలితాల మధ్య తేడా ఉంటే ఆ ఇంకుకు సమయం కావాలని అర్థం. తేడా లేకుండా రెండుసార్లూ పాకితే ఆ జోడీ కుదరదని అర్థం. పట్టీ వెనక ఇంకు పేరు, కాగితం పేరు, తేదీ రాసి ఆ ప్యాడ్ డబ్బాలోనే ఉంచాలి. ప్యాడ్ మూత మీద కుంచె అనో మార్కర్ అనో ఒక్క మాట రాసి అంటిస్తే, నీటికి ఒకటి, స్పిరిట్‌కు ఒకటిగా ఉంచుకున్న రెండు నల్ల ప్యాడ్లు హడావుడిలో తారుమారు కావు.